కుక్క కాలు విరిగితే: కట్టు, పిన్ను, ప్లేటు – ఏది ఎప్పుడు?

కాలు విరిగిన కుక్కను దవాఖానకు తెచ్చినవాళ్లు డాక్టరును అడిగేవి ముఖ్యంగా రెండు ప్రశ్నలు. “కట్టు కడితే సరిపోతదా సారూ?” అన్నది మొదటిది. “ఆపరేషన్ అయితే మళ్లీ మునుపటి లెక్క నడుస్తదా?” అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఉంది. కాకపోతే అది ఏ ఎముక, ఎక్కడ, ఎట్లా విరిగిందో తేలితే తప్ప చెప్పలేనిది. కుక్క వయసు, ఇంటివాళ్ల ఓపిక కూడా ఆ జవాబులో భాగమే. దవాఖానలో ఏ పరికరం ఉందన్నది వీటన్నిటి తర్వాతి మాట. ఎముకలు అతికించే పద్ధతులు గత వందేళ్లలో చాలా మారాయి. వాటిలో మన చిన్న పట్టణాలకు పనికొచ్చేవి ఏవో, ఆర్భాటంగా మిగిలేవి ఏవో చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతానికి ఈ విషయంలో ఒక వసతి ఉంది. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, వరంగల్ దగ్గరి మామునూరులో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. అంటే ఒకటి మన మధ్యనే ఉంది. పశువైద్య కళాశాల అన్నాక శస్త్రచికిత్స, రేడియాలజీ విభాగం, బోధనాసుపత్రి ఉండి తీరాలన్నది భారత పశువైద్య మండలి నిబంధన. జగిత్యాల నుంచి కోరుట్ల దాదాపు పాతిక కిలోమీటర్లు. సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా వస్తే అంతకు రెండింతల పైనే. హైదరాబాద్ దాకా పోవడంతో పోల్చితే ఇదేమంత దూరం కాదు. విరిగిన కాలుతో వాహనంలో కుదుపులు తినే కుక్కకు ఈ తేడా చిన్నది కాదు.

ఎందుకు విరుగుతాయి?

ఎక్కువ భాగం బండ్ల వల్లే. జాతీయ రహదారి 63 మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ఊళ్లను కలుపుతూ పోతుంది. చలికాలం రాత్రిళ్లు వెచ్చగా ఉంటుందని కుక్కలు ఆగిన లారీల కింద, ట్రాక్టరు ట్రాలీల కింద పడుకుంటాయి. తెల్లవారి బండి కదిలితే చక్రం కిందికి మొదట పోయేది కాలే. ఇక పెంపుడు కుక్కల సంగతి వేరు. పొమరేనియన్ లాంటి చిన్నజాతి కుక్కలు మంచం మీది నుంచో, పిల్లల చేతుల్లోంచో దూకి ముందు కాలు విరగ్గొట్టుకుంటాయి. డాబాల మీది నుంచి పడేవి, పెద్ద కుక్కల కాట్లకు దొరికేవి, మనుషుల కర్రదెబ్బలకు, రాళ్లకు కాళ్లు పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి. గొల్లకురుమల మందల వెంట తిరిగే కుక్కలకూ దారి దాటేటప్పుడు ఇదే ప్రమాదం.

ఎముక కన్నా ముందు ఊపిరి

బండి గుద్దిన కుక్కను చూడగానే అందరి కళ్లూ వేలాడే కాలి మీదికే పోతాయి. కుక్క ప్రాణం తీసేది మాత్రం చాలాసార్లు ఆ కాలు కాదు. ఊపిరితిత్తులు కమిలి ఉండొచ్చు, ఛాతీలోకి గాలి చేరి ఉండొచ్చు, ఉదరవితానం చిరిగి పేగులు పైకి పోయి ఉండొచ్చు, మూత్రాశయం పగిలి ఉండొచ్చు. అందుకే అనుభవమున్న డాక్టరు మొదట చిగుళ్ల రంగు, ఊపిరి వేగం చూస్తాడు, పొట్ట తడుముతాడు, ఆ తర్వాతే కాలు పట్టుకుంటాడు. చర్మం చీలని ఎముక విరుగుడుకు ఆపరేషన్ ఒకటి రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు. కుక్క తేరుకోకుండా మత్తు ఇవ్వడమే ప్రమాదం.

చర్మం చీల్చుకుని ఎముక బయటికి వచ్చినప్పుడు మాత్రం గడియారం చూసుకోవాల్సిందే. మొదటి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో గాయాన్ని సెలైన్‌తో ధారగా కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి, యాంటీబయాటిక్ మొదలుపెడితే చీము పట్టే ప్రమాదం బాగా తగ్గుతుంది. గస్టిలో, ఆండర్సన్ అనే వైద్యులు 1976లో మనుషుల కోసం చేసిన వర్గీకరణనే కుక్కలకూ వాడుతున్నారు. గాయం సెంటీమీటరు లోపు ఉంటే ఒకటో రకం, అది దాటితే రెండో రకం, కండ నలిగి, చర్మం ఊడి, ఎముక తేలితే మూడో రకం. ఇంటి దగ్గర పసుపు, బూడిద, ఆకు పసర్లు నింపి తెచ్చిన ఒకటో రకం గాయం దవాఖాన చేరేసరికి మూడో రకం గాయమంత మొండిగా తయారవుతుంది.

దారిలో చేయాల్సింది తక్కువే. నొప్పితో ఉన్న కుక్క తన వాళ్లనైనా కరుస్తుంది. ఊపిరి సరిగ్గా ఆడుతుంటే మెత్తని గుడ్డతో మూతి కట్టి, గోనెసంచి మీదో చెక్క మీదో పడుకోబెట్టి తేవాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి రేబిస్ టీకా వేయించుకోవాలి. విరిగిన చోటుకు పైన కీలు, కింద కీలు రెండూ కదలకుండా బద్ద కట్టగలిగితేనే కట్టాలి. తొడ ఎముకకు అది సాధ్యం కాదు కాబట్టి అసలు ముట్టుకోకపోవడమే మేలు.

కట్టుకు ఉన్న హద్దు

సుశ్రుతుడు ఎముకల విరుగుళ్లను 12 రకాలుగా, కీళ్ల తొలగింపులను 6 రకాలుగా విడదీసి, వెదురు, చెట్ల బెరడు బద్దలతో కట్టు చెప్పాడు. రాయలసీమలో పుత్తూరు కట్టుకు ఇప్పటికీ పేరుంది. మన వైపు పిండి కట్టు అనే ప్లాస్టరు కూడా ఆ ఆలోచనకు కొనసాగింపే. కట్టు తప్పు కాదు. దాన్ని తప్పు ఎముకకు కట్టడమే తప్పు.

సూత్రం సులువైనది. విరిగిన చోటుకు పై కీలు, కింది కీలు రెండూ కట్టులో ఇమడాలి. ముందు కాలిలో మోచేతి కింద, వెనక కాలిలో మోకాలి కింద అది కుదురుతుంది. రెండు ఎక్స్‌రేలు, ఒకటి ముందు నుంచి, ఒకటి పక్క నుంచి తీసి చూసినప్పుడు ముక్కల చివర్లు కనీసం సగం మేర తాకుతుంటే, కుక్క వయసు చిన్నదైతే, కట్టుతోనే బాగవుతుంది. తొడ ఎముకకూ భుజపు ఎముకకూ పై కీలు ఒంట్లో కలిసిపోయి ఉంటుంది. అక్కడ కట్టు పై అంచు సరిగ్గా విరిగిన చోటనే ఆగుతుంది. కుక్క అడుగేసిన ప్రతిసారీ ఆ బరువు ముక్కలను ఇంకా ఎడం చేస్తుంది. ఆపాల్సిన కదలికను కట్టే పెంచుతుందన్నమాట.

కుక్కపిల్లల్లో దీనివల్ల ఇంకా పెద్ద నష్టం ఉంది. తొడ ఎముక విరిగిన పిల్లకు కాలు చాపి కట్టేస్తే తొడ ముందరి కండరం ఎముకకు అతుక్కుపోయి మోకాలు కర్రలా బిగుసుకుంటుంది. ఎముక చక్కగా అతికినా ఆ కాలు మళ్లీ మడవదు. ఒకసారి ఆ స్థితి వచ్చాక ఆపరేషన్‌తో కూడా సరిచేయడం కష్టం. అందుకే ఈ సమీక్షలో మొదటి తీర్పు ఇది: తొడ ఎముకకు పిండి కట్టు వద్దు.

పొమరేనియన్ లాంటి చిన్నజాతుల ముందు కాలిది మరో మినహాయింపు. మణికట్టుకు కాస్త పైన ఆ ఎముకకు రక్తం తక్కువగా అందుతుంది. అక్కడ కట్టుతో వదిలేస్తే అతకకుండా మిగిలిపోయేవి చాలా ఉంటాయి. ఎముక మోచేతి కిందిదైనా సరే, ఈ కుక్కలకు చిన్న ప్లేటే మంచిదన్నది ఇప్పుడు దాదాపు అందరి మాట.

పిన్ను, ప్లేటు, బయటి చట్రం

శస్త్రచికిత్స చరిత్రలో మనుషుల వైద్యం, పశువైద్యం ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకున్నాయి. మార్టిన్ కిర్ష్‌నర్ 1909లో సన్నని ఉక్కు తీగలు తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గెర్‌హార్డ్ కుంట్‌షర్ ఎముక మూలుగ నాళంలో కడ్డీ దించడం నిలబెట్టాడు. అమెరికాలో ఒట్టో స్టేడర్ అనే పశువైద్యుడు 1930లలో కుక్కల కోసం చర్మం బయట బిగించే చట్రాన్ని తయారుచేస్తే, అమెరికా నౌకాదళం దాన్ని గాయపడ్డ సైనికులకు వాడింది. 1951 నుంచి సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ వలయాల చట్రాన్ని అభివృద్ధి చేశాడు. 1958లో స్విట్జర్లాండ్‌లో ఏఓ అనే వైద్యుల బృందం ప్లేట్లు, మరల పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చింది. 1969లో దాని పశువైద్య శాఖ మొదలైంది.

ఏఓ మొదట్లో చెప్పింది ప్రతి ముక్కనూ యథాస్థానంలో పేర్చి గట్టిగా బిగించమని. అనుభవంలో తేలింది వేరు. ముక్కముక్కలైన ఎముకలో ప్రతి తునకనూ వెతికి పేర్చబోతే కండ ఊడి, రక్తం అందక, ఆ తునకలు చచ్చి చీము పడుతుంది. అందుకే తర్వాతి తరం పద్ధతి మార్చింది. పైముక్క, కిందిముక్క సరళరేఖలో, సరైన పొడవులో, మెలిక పడకుండా నిలిస్తే చాలు, మధ్యలోని తునకలను ముట్టుకోకపోతే ఒళ్లే వాటిని కలుపుకుంటుంది. చిన్న దవాఖానలకు ఈ మార్పు మేలు చేసింది. ఖరీదైన పరికరం లేకున్నా మంచి పని చేయవచ్చన్న ధైర్యం ఇక్కడి నుంచే వచ్చింది.

పిన్ను చవక. అడ్డంగా వంగకుండా బాగా ఆపుతుంది. మెలి తిరగడాన్ని, ముక్కలు ఒకదాని మీదికి ఒకటి జారడాన్ని ఆపలేదు. తొడ ఎముక అడ్డంగా, పళ్లు పళ్లుగా విరిగిన యువ కుక్కకు అది చాలు. ఏటవాలుగా విరిగితే చుట్టూ తీగ బిగించవచ్చు, కానీ విరుగుడు పొడవు ఎముక మందానికి కనీసం రెట్టింపు ఉంటేనే. పొట్టి ఏటవాలుకు తీగ చుడితే అది జారి, కింద రక్తప్రసారాన్ని ఆపి చెడే చేస్తుంది. ముందు కాలి రేడియస్ ఎముకకు మూలుగలో పిన్ను వేయనే కూడదు. ఏ చివరి నుంచి దించినా అది కీలులోకి చొచ్చుకుపోతుంది.

ప్లేటు ఖరీదు. మెలికనూ జారుడునూ కూడా ఆపుతుంది. కుక్క త్వరగా కాలు మోపుతుంది. విరుగుడుకు రెండు వైపులా కనీసం మూడేసి మరలు, అవీ ఎముక రెండు గోడలను పట్టాలి. పెద్ద లాబ్రడార్‌కు 3.5 మిల్లీమీటర్ల మరలు, చిన్న కుక్కకు 2 మిల్లీమీటర్లవి. ఉక్కులో 316ఎల్ రకమే వాడాలి. ఎదురుగోడ ఎముక ఖాళీగా ఉంటే ప్లేటు ఒక్కటే ప్రతి అడుగుకూ వంగుతూ, ఇటూ అటూ వంచిన తీగలా చివరికి తెగుతుంది. అందుకే అలాంటిచోట మూలుగ నాళంలో మూడోవంతుకు కాస్త పైగా నిండే సన్నని పిన్ను కూడా జోడిస్తారు.

బయటి చట్రం చర్మం చీలిన విరుగుళ్లకు వరం. గాయానికి దూరంగా పిన్నులు గుచ్చి బయట కలిపేస్తారు. గాయాన్ని రోజూ కడుక్కోవచ్చు. మనదేశంలో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ ఈ దారిలో చాలా పనిచేసింది. బిగింపుల సామగ్రికి బదులు, బయటికి వచ్చిన పిన్నులను వంచి, వాటి చుట్టూ ఎపాక్సీ ముద్దను పట్టించి గట్టిపడనిచ్చే పద్ధతి చిన్న కుక్కలకూ మేకలకూ బాగా పనికొస్తుంది. పిక్క ఎముక, ముందు కాలి కింది ఎముకలు దీనికి అనువైనవి. తొడ దగ్గర కండ మందం కాబట్టి అక్కడ పిన్ను గాయాలు ఏడిపిస్తాయి.

బల్ల దగ్గర

తొడ ఎముకకు పిన్ను వేయడం చూసినవాళ్లకు ఈ పనిలో బలం కన్నా లెక్క ఎంత ముఖ్యమో తెలుస్తుంది. కుక్కను పక్కకు పడుకోబెట్టి, తొడ బయటి వైపు కోస్తారు. రెండు కండరాల మధ్య ఉన్న పలుచని తెల్లని గీతను పట్టుకుంటే కండను తెంపకుండా ఎముక దాకా పోవచ్చు. ఆ వెనకాలే లావాటి తుంటి నరం ఉంటుంది. విరిగిన పైముక్క మూలుగలోంచి పిన్నును పైకి నడిపి తుంటి దగ్గర చర్మం బయటికి తెస్తారు. ఆ క్షణంలో తుంటి చాపి, కాలు లోపలి వైపుకు నొక్కి పట్టాలి. అలా పట్టకపోతే పిన్ను మొన తుంటి నరాన్ని తాకుతుంది. ఆపరేషన్ బాగా జరిగిందనుకున్న కుక్క మర్నాడు పాదం మడిచి ఈడుస్తుంటే కారణం చాలాసార్లు అదే.

తర్వాత రెండు ముక్కలను ఎదురెదురుగా తెచ్చి, పిన్నును వెనక్కి తిప్పి కిందిముక్కలోకి దించుతారు. ఎంత లోతు దిగిందో లోపల కనిపించదు కాబట్టి అదే పొడవు మరో పిన్నును బయట పక్కన ఆనించి కొలుస్తారు. మోకాలిని వంచి చాపి చూస్తారు. గరగరమంటే మొన కీలులోకి వచ్చినట్టే. నాళంలో దాదాపు 70 శాతం నింపే మందం పిన్ను ఎంచాలి. సన్నదైతే ముక్కలు కదులుతాయి, మరీ లావైతే ఎముక చీలుతుంది. పైన మిగిలిన కొసను పొట్టిగా కత్తిరించి చర్మం కింద దాచడం చివరి పని.

కుక్కపిల్లలూ, పెరుగన్నమూ

ఎదిగే ఎముకల చివర్లలో మెత్తని ఎదుగుదల పొరలు ఉంటాయి. విరుగుడు చాలాసార్లు అక్కడే వస్తుంది. సాల్టర్, హారిస్ 1963లో మనుషుల పిల్లల ఎముకలకు చేసిన అయిదు రకాల వర్గీకరణను పశువైద్యులూ వాడతారు. మోకాలి పైన తొడ చివర జారితే రెండు సన్నని తీగలను అడ్డదిడ్డంగా దింపి నిలుపుతారు. ఇది రోజుల్లో చేయాల్సిన పని. వారం దాటితే కొత్త ఎముక అల్లుకుని ముక్కలను యథాస్థానానికి తేవడం కష్టమవుతుంది. మణికట్టు దగ్గర పొర నలిగితే మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. నెల తర్వాత కాలు వంకర పోతుంది. అందుకే ముందు కాలికి దెబ్బ తగిలిన పిల్లకు మూడు నాలుగు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి.

దెబ్బే తగలకుండా కాళ్లు విరిగే పిల్లలు కూడా వస్తుంటాయి. వాటి తిండి అడిగితే ఉత్త అన్నం, లేదా ఉత్త కోడిమాంసం అని చెబుతారు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆ లోటును ఒళ్లు ఎముకల్లోంచి తీసుకుంటుంది. ఎక్స్‌రేలో ఎముక గోడ కాగితంలా పలుచగా కనిపిస్తుంది, విరిగే బదులు మడతపడుతుంది. ఆ ఎముకలో మర నిలవదు, ప్లేటు ఆగదు. దానికి ఆపరేషన్ కాదు మందు. సమతుల ఆహారం, డాక్టరు చెప్పిన కాల్షియం, కొన్ని వారాల కదలని విశ్రాంతే మందు. పెరుగన్నం పెట్టి కుక్కను పెంచే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఎదిగే పిల్లకు అది చాలదని ఇంటివాళ్లకు ముందే చెప్పడం డాక్టరు పనిలో భాగం.

ఎన్నాళ్లు? ఎప్పుడు కాదు?

పిన్ను లేదా బయటి చట్రంతో మూడు నెలల లోపు పిల్లకు రెండు మూడు వారాల్లో ఎముక అతుకుతుంది. ఆరు నెలల లోపుకు నాలుగు నుంచి ఆరు వారాలు, ఏడాది లోపుకు అయిదు నుంచి ఎనిమిది, ఏడాది దాటిన కుక్కకు ఏడు నుంచి పన్నెండు వారాలు. ప్లేటు కింద అతికే ఎముకకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. పెద్ద కుక్కల్లో అయిదు నెలల నుంచి ఏడాది దాకా. ప్లేటు గట్టిగా పట్టినంతకాలం కుక్క నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ ఆలస్యం ఇబ్బంది కాదు.

ఈ వారాల్లోనే పని చెడుతుంది. ఆపరేషన్ అయిన నాలుగో రోజు కుక్క కాలు మోపగానే ఇంటివాళ్లు గొలుసు విప్పేస్తారు. అది డాబా మెట్లెక్కుతుంది, పిన్ను పైకి తేలుతుంది. కుట్లు నాకకుండా మెడకు కాలరు, అది లేకపోతే అడుగు కోసిన ప్లాస్టిక్ బకెట్టు తగిలించినా చాలు. కట్టు తడవకూడదు. కట్టులోంచి వాసన వచ్చినా, వేళ్లు వాచినా ఆ రోజే చూపించాలి. నొప్పికి మన మందుల పెట్టెలోంచి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేయడం మహా ప్రమాదం. కుక్కకు కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి.

కాలు తీసేయడం గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడాలి. ముందు కాలిని భుజం నుంచి కదిలించే నరాల మొదళ్లు తెగిపోతే కాలు ఈడ్చుకుపోతుంది, వేలిని గట్టిగా నొక్కినా కుక్క తిరిగి చూడదు. అక్కడ ఎముకకు ప్లేటు వేసి అతికించినా కాలు రాదు. చీము మూలుగలోకి దిగి నెలలు గడిచినా అంతే. అలాంటప్పుడు కాలిని పైన, భుజం దగ్గరో తొడ పై భాగంలోనో తీసేస్తే కుక్క మూడు కాళ్లతో త్వరలోనే పరుగెడుతుంది. సగం మొండి వదిలితే అది నేలకు కొట్టుకుని పుండు పడుతుంది. కుక్కకు బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది కాబట్టి వెనక కాలు పోతే సర్దుకోవడం ఇంకా సులువు. మరీ బరువైన, కీళ్లు అరిగిన ముసలి కుక్క విషయంలోనే వెనకాడాలి.

మూడు ఊళ్లకు తీర్పు

వీధికుక్క విషయంలో అసలు ప్రశ్న ఆపరేషన్ ఎవరు చేస్తారన్నది కాదు. ఆరు వారాలు ఎవరు చూస్తారన్నదే. కాపలా లేనప్పుడు బయటి చట్రం పెట్టి రోడ్డు మీద వదిలేయడం కన్నా, బతికించలేని కాలిని తీసేసి, కుట్లు ఆరేదాకా ఉంచడమే దయ. జంతు సంతాన నియంత్రణ నిబంధనలు 2023 వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్సల బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. ఆ శస్త్రచికిత్సల తర్వాత కుక్కలను ఉంచే గదుల్లో రెండు మూడింటిని కాలు విరిగినవాటికి కేటాయించడం పెద్ద ఖర్చు కాదు. 2017లో మొదలైన, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం సిబ్బందికి గాయం కడిగి, సరిగ్గా బద్ద కట్టి పంపడం నేర్పితే చీము కేసులు అక్కడే తగ్గుతాయి.

జిల్లా కేంద్రాల పశువైద్యశాలలు పశువులు, గొర్రెలు, టీకాల పనితో ఎప్పుడూ నిండి ఉంటాయి. ప్రతిచోటా ప్లేట్ల పెట్టె పెట్టాలనడం వృథా. జగిత్యాల, సిరిసిల్లల్లో కావలసింది రెండు కోణాల ఎక్స్‌రే, నొప్పి తగ్గించే ఏర్పాటు, ఎవరిని ఎప్పుడు పంపాలో తెలిసిన చేయి. మోచేతి, మోకాలి కింది విరుగుడు, యువ కుక్క, ముక్కలు తాకుతున్నాయా, అక్కడే కట్టు కట్టండి. తొడ, భుజం, చర్మం చీలినది, కీలులోకి పోయినది, చిన్నజాతి ముందు కాలు – ఇవన్నీ రెండు రోజుల్లోపు, చర్మం చీలినదైతే గాయం కడిగి వెంటనే, కోరుట్లకో రాజేంద్రనగర్‌కో పంపండి. కోరుట్ల కళాశాల వారంలో ఒక రోజును ఎముకల శస్త్రచికిత్సకు ప్రకటించి, చుట్టుపక్కల డాక్టర్లకు తెలియజేస్తే విద్యార్థులకు చేయి తిరుగుతుంది, ఊళ్లకు దారి తెలుస్తుంది. కుక్కను పెంచేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: కాలు విరిగితే మొదట కట్టు కట్టేవాడి కోసం కాదు, ఎక్స్‌రే ఉన్న చోటు కోసం వెతకండి.